ఇరవై ఊపుల లెక్క

“బరువుది జల్ది ఊగుతది సార్!”

ఏడో తరగతికి లోలకం పాఠం ఎత్తుకుంటే చాలు, ఈ మాట వచ్చి తీరుతుంది. నేను కాదనను. బరువుదా, తేలికదా, రెండూ సమానమా అని పందెం కట్టించి, పేర్లతో సహా బోర్డు మీద రాయిస్తాను. ఇక ఎవరూ మాట మార్చలేరు.

కోరుట్లలో సైన్సు చెప్పేవాడు దీనికోసం సామాను కొనక్కర్లేదు. పక్కనే సిరిసిల్ల, మరమగ్గాల ఊరు, దారానికి కరువా? సైకిల్ షాపు నట్టొకటి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇనుప గుండొకటి ఉంటే చాలు. కిటికీ ఊచకు కట్టిన చోటు నుంచి గుండు నడుము దాకా సరిగ్గా మీటరు ఉంచుతాం.

గుండు అవతలికి పోయి మళ్లీ వదిలిన చోటికొస్తే ఒక ఊపు. ఒక్క ఊపుకే కాలం చూస్తే వాచీ నొక్కడంలోనే తేడా వచ్చేస్తుంది. అందుకే 20 లెక్కపెట్టి భాగిస్తాం. పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. వదలగానే “ఒకటి” అంటారు. 19 ఊపులకే ఇరవై అయిపోతుంది. “సున్నా” అంటూ వదలాలి. ఈ అలవాటు పట్టేసరికి సగం పీరియడ్ అయిపోతుంది. అయితే కానీ.

మీటరు దారానికి దాదాపు 40 సెకన్లు వస్తాయి. నట్టు కట్టినా అంతే, మేస్త్రీ గుండు కట్టినా అంతే. బరువైనదాన్ని భూమి ఎక్కువ బలంతో లాగుతుంది, నిజమే; దాన్ని కదిలించడానికీ అంత ఎక్కువ బలమే కావాలి. రెండూ చెల్లుకు చెల్లు. దారాన్ని పావు మీటరు చేస్తే మాత్రం 20 సెకన్లే. పొడవు నాలుగో వంతైతే కాలం సగమైంది.

అప్పుడు ప్లాస్టిక్ సీసా తీస్తాను. నిండా ఇసుక పోసి, మూతికి జానెడు దారం కట్టి 20 ఊపులు. సగం ఇసుక పారబోసి మళ్లీ 20. ఈసారి రెండు సెకన్ల దాకా ఎక్కువ పడుతుంది. “జూసిన్రా సార్, బరువు తగ్గితే మెల్లగైంది!” అని పందెం ఓడినోళ్లంతా లేస్తారు. ఆ గోల నాకిష్టం. మిగిలిన ఇసుక ఎక్కడుందో చూడమంటాను. అంతా అడుగున చేరింది. అంటే బరువు కేంద్రం కిందికి జారి, దారం ముట్టకుండానే లోలకం పొడుగైందన్నమాట. ఉయ్యాల మీద నిలబడితే కూర్చున్నప్పటికన్నా వేగంగా ఊగడం కూడా ఈ లెక్కే, కాకపోతే తలకిందులు.

ఎంత దూరం లాగి వదిలినా కాలం ఒకటేనని గెలీలియో పేరు చెప్పి బట్టీ పట్టిస్తారు. చిన్న ఊపులకే అది చెల్లుతుంది. 60 డిగ్రీలు లాగితే సుమారు 7 శాతం పెరుగుతుంది. 1656లో లోలకపు గడియారం చేసిన హైగెన్స్‌కు ఈ చిక్కు తెలుసు.

పొడవు మార్చకుండా ఊరు మారిస్తే భూమి లాగుడులో తేడా బయటపడుతుంది. 1865లో మొదలైన లోలకాల సర్వేలో బాసెవీ అనే అధికారి ఈ పని చేపట్టాడు. ఆ సర్వే లోలకాలు మన కోడంగల్‌లోనూ, కాకినాడలోనూ ఊగాయి. 1871లో లదాఖ్‌లోని మోరేలో, 15 వేల అడుగులకు పైన, ఆకర్షణ అనుకున్నదానికన్నా తక్కువ తేలింది.

ఇది చెబితే ఓ పిల్ల అడిగింది: “మన కొండగట్టు మీద ఊపితే తేడా వస్తదా సార్?” వస్తుంది. వంద మీటర్లు పైకెక్కితే, రోజంతా నడిచిన లోలకపు గడియారం సెకను అటూఇటుగా వెనకబడుతుంది. మా స్టాప్‌వాచీ ఇరవై ఊపుల్లో అది పట్టుకోలేదు.