డచ్చివారి దేశంలో కట్టలే ప్రాణం

బందరులో 1605లో వర్తక స్థావరం పెట్టిన డచ్చివారి దేశాన్ని సెలవుల్లో చూసివచ్చాను. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు భద్రంగా ఉన్నాయి. ఊరు దాటితే కాలువలు, లాకులు, కట్టలు; గుడివాడ పల్లెల్లో ఉన్నట్టే అనిపించింది.

ఆ నేలలో నాలుగోవంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. 1953 ఫిబ్రవరి 1న ఉప్పెన కట్టలు తెంచి అక్కడ 1,836 మందిని పొట్టనబెట్టుకుంది. తర్వాత ఊస్టర్‌షెల్డె ముఖాన 62 ఉక్కు తలుపుల అడ్డుకట్టను 1986లో ప్రారంభించారు. తుపాను వేళ తలుపులు దించుతారు. తక్కిన రోజుల్లో ఎత్తి ఉంచుతారు.

13వ శతాబ్దం నుంచీ ఊళ్లవారే నీటి సంఘాలు పెట్టుకుని, పన్ను కట్టి కట్టలు కాచుకుంటున్నారు. 1977 నవంబరు 19న వేలాదిమందిని పోగొట్టుకున్న దివిసీమకు ఇది తెలియవలసిన సంగతి. కరకట్ట కట్టడం ఒక ఎత్తు, ఏటేటా గండి పడకుండా చూసుకోవడం ఒక ఎత్తు.