గట్టుమీది పూలు – పాదులలోని పిందెలు

2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోను, అటుపిమ్మట అనకాపల్లి జిల్లాలోను చేరియున్న చోడవరము చెరకు సీమ. చెరకును ముచ్చెలతో నాటుదురు గనుక ఆ పంటకు తేనెటీగతో పనిలేదు. గుమ్మడి, ఆనప, కాకర పాదుల సంగతి అట్లు కాదు. వానికి మగపూవు వేరు, ఆడపూవు వేరు. పుప్పొడి బరువుగను, జిగటగను ఉండుటచే గాలికి ఎగురదు. గుమ్మడిపూవు తెల్లవారుజామున విచ్చి, మధ్యాహ్నము కాకమునుపే ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో తేనెటీగ రాకున్నచో పిందె పసుపుబారి రాలిపోవును. రైతు దానిని తెగులని తలచి మందు చల్లును. ఆ మందుతో మిగిలిన తేనెటీగలును నశించును!

పాదులు పూచునది కొన్ని వారములే. తక్కిన దినములలో తేనెటీగకు ఆహారమేది? గట్లపై తుమ్మి, గడ్డిచేమంతి, పల్లేరు మొదలగు పూలే. తంగేడుపూవులో మకరందము లేదు, పుప్పొడి మాత్రమే కలదు. నల్లని తుమ్మెద ఆ పూవును పట్టుకొని, ఝుమ్మని అదరించి పుప్పొడి రాల్చుకొనును. వంగపూవునకును ఈ అదురు మేలు చేయును. తేనెటీగకు ఆ విద్య రాదు.

గ్రామపు దారుల అంచులు పంచాయతీ అజమాయిషీలోనివే. కలుపు తీయించు తీర్మానము చేయునపుడు సభ్యులు ఒక్కమారుగా అంతయు కోయింపక, ఒక ప్రక్క ముందు, రెండవ ప్రక్క గింజ రాలిన పిదప కోయింపవలెను. నిప్పు పెట్టింపరాదు, అడవి తేనెటీగలలో పెక్కు జాతులు నేలలోనే గూళ్లు కట్టుకొనును. వయ్యారిభామను మాత్రము పూవు రాకమునుపే, చేతులకు తొడుగులు వేసుకొని, వేళ్లతో పెరికివేయవలెను.