నురగను చూసి మురిసిపోకండి!

వెండితెర మీద హీరోయిన్ ఒక్కసారి తల విదిలిస్తుంది. నల్లని కురులు పట్టుకుచ్చులా జారి భుజం మీద వాలతాయి. నేల క్లాసులో కుర్రకారు ఈలలు వేస్తారు. బాల్కనీలో ఆడవాళ్ళకి మాత్రం వేరే సందేహం పుడుతుంది. "ఈవిడ తలకి ఏం రాస్తుందో!"

ఈ సందేహం పుట్టబట్టే సబ్బుల వాళ్ళకీ, షాంపూల వాళ్ళకీ సినిమా తారలతో అంత చుట్టరికం కుదిరింది. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించిన మొదటి భారతీయ తార అయింది. ఆ తర్వాత ఎందరు తారలు ఎన్ని సీసాలు పట్టుకుని నవ్వారో లెక్కే లేదు. కానీ ఆ సీసాలో ఏముంటుంది, ఎందుకుంటుంది అని చెప్పిన తార ఒక్కరూ లేరు. పాపం, అది వాళ్ళ పనీ కాదు!

ఇప్పుడా సంగతి తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. ఎందుకంటే ఇళ్ళలో షాంపూలు, క్రీములు తయారుచేసుకునే వాళ్ళు ఎక్కువయ్యారు. సరదాగా మొదలుపెట్టి, పక్కింటి వాళ్ళకి పంచి, ఆనక సీసాకింత అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. మంచిదే! అయితే దీన్లో నురగ తెప్పించడం చాలా తేలిక. ఆ షాంపూ నెల తర్వాత కూడా కంట్లో పడితే ప్రమాదం లేకుండా చూడడమే కష్టం.

చంపీ నుంచి షాంపూ దాకా

అన్నట్టు, షాంపూ అన్న మాట మన దేశానిదే! హిందీలో 'చాంప్నా' అంటే నొక్కడం, పిసకడం. 1957లో వచ్చిన 'ప్యాసా'లో జానీ వాకర్ నూనె సీసా పట్టుకుని వీధుల్లో తిరుగుతూ చేసేది ఆ చంపీయే. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండు వెళ్ళి, బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, రాజులకి సైతం 'షాంపూయింగ్' చేశాడు. అంటే ఒళ్ళు పట్టడమన్న మాట. తల రుద్దుకోవడమనే అర్థం ఆ తర్వాత వచ్చింది.

మొదట్లో షాంపూ అంటే కరిగించిన సబ్బే. దానికో జబ్బుంది. ఉప్పు నీళ్ళలో, బోరు నీళ్ళలో ఉండే కాల్షియంతో సబ్బు కలిసి తెల్లని తెట్టు కడుతుంది. ఆ తెట్టు జుట్టుకి పట్టుకుని మెరుపు చంపేస్తుంది. 1934లో అమెరికాలో డ్రీన్ అనే షాంపూ వచ్చింది. అందులో సబ్బుకి బదులు సింథటిక్ డిటర్జెంటు వాడారు. బోరు నీళ్ళైనా తెట్టు కట్టదు. ఇప్పటి షాంపూలన్నీ దాని వారసులే.

మరి మన కుంకుడుకాయ? దాన్ని తక్కువ అంచనా వెయ్యకండి! కుంకుడులోనూ, సీకాయలోనూ ఉండే సపోనిన్లు ప్రకృతి ఇచ్చిన డిటర్జెంట్లే. పైగా వాటి రసం కాస్త పుల్లనిది, అంటే ఆమ్ల గుణం కలది. జుట్టుకి సరిపడేది అదే.

పుల్లదనం కథ

దీన్నే శాస్త్రజ్ఞులు పిహెచ్ అంటారు. మంచినీళ్ళది 7. అంతకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మన మాడు చర్మం పిహెచ్ సుమారు 5.5. సబ్బుది 9 నుంచి 10 దాకా ఉంటుంది. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. క్షారం తగిలితే ఆ పొలుసులు లేస్తాయి. జుట్టు గరుకెక్కి చిక్కులు పడుతుంది. పులుపు తగిలితే పొలుసులు సర్దుకుని పడుకుంటాయి, వెలుతురు నున్నగా ప్రతిఫలిస్తుంది. తలంటుకున్నాక నిమ్మరసం కలిపిన నీళ్ళు పోసుకోమని పెద్దవాళ్ళు చెప్పడంలో ఉన్న రహస్యం ఇదే!

కాబట్టి మీరు చేసే షాంపూ పిహెచ్ 5 - 5.5 మధ్య ఉండాలి. లాబొరేటరీ సామాన్లు అమ్మే షాపుల్లో పిహెచ్ కాగితాలు దొరుకుతాయి. ఆ కాగితం లేకుండా షాంపూ చెయ్యడమంటే క్లాప్ కొట్టకుండా షూటింగు చెయ్యడమే!

వంద గ్రాముల లెక్క

మొదటిసారి వంద గ్రాములే చెయ్యండి. చెడితే వందే పోతుంది. చెంచాలు, గ్లాసులు లెక్క కాదు. పదో వంతు గ్రాము చూపించే చిన్న త్రాసు కొనుక్కోండి.

సోడియం లారెత్ సల్ఫేట్ ద్రావణం (28 శాతం రకం) - 30 గ్రాములు
కోకమిడోప్రొపైల్ బీటైన్ (30 శాతం రకం) - 10 గ్రాములు
గ్లిజరిన్ - 2 గ్రాములు
డైసోడియం ఇడిటిఎ - 0.1 గ్రాము
ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్ హెక్సైల్ గ్లిజరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ - 1 గ్రాము
సెంటు - 0.4 గ్రాము
ఉప్పు - 1 గ్రాము దాకా
సిట్రిక్ యాసిడ్ ద్రావణం - కొన్ని చుక్కలు
డిస్టిల్డ్ వాటర్ - మొత్తం వంద గ్రాములు కావడానికి సరిపడా, అంటే సుమారు 55 గ్రాములు

మొదటిది హీరో. జిడ్డును పట్టుకుని నీళ్ళలోకి లాగేది అదే. రెండోది హీరో స్నేహితుడు. హీరో దుడుకుతనాన్ని తగ్గించి, కంటికీ చర్మానికీ మంట తగ్గిస్తాడు. 1950లలో వచ్చిన కళ్ళు మండని పిల్లల షాంపూలు ఈ బీటైన్ జాతికి దగ్గర బంధువుల మీదే ఆధారపడ్డాయి. ఇడిటిఎ నీటిలోని కాల్షియాన్ని కట్టిపడేస్తుంది, ప్రిజర్వేటివ్‌కి బలాన్నిస్తుంది.

లారెత్ సల్ఫేట్ 70 శాతం ముద్దగా కూడా అమ్ముతారు. సీసా మీద శాతం చూడకుండా అదే 30 గ్రాములు వేశారో, మాడు మండిపోతుంది! ఏ సరుకు కొన్నా దాని శాతం ఎంతో షాపువాణ్ణి అడిగి రాసుకోండి. అతను చెప్పలేకపోతే ఆ షాపులో కొనకండి.

చేసే పద్ధతి: గాజు గిన్నెలో నీళ్ళు, ఇడిటిఎ, గ్లిజరిన్ కలపండి. లారెత్ సల్ఫేట్ పోసి నెమ్మదిగా తిప్పండి. మజ్జిగ చిలికినట్టు చిలికితే గిన్నెంతా నురగే మిగులుతుంది! సెంటును ముందుగా బీటైన్‌లో కలిపి, రెండూ ఒకేసారి పోస్తే తేటగా ఉంటుంది. తర్వాత ప్రిజర్వేటివ్. సిట్రిక్ యాసిడ్‌ని నీళ్ళలో కరిగించి చుక్క చుక్కగా వేస్తూ, కాగితం ముంచి పిహెచ్ చూడండి. చేతులకి గ్లౌజులు మరిచిపోవద్దు.

చిట్టచివర ఉప్పు. అవును, వంటింటి ఉప్పే! షాంపూని చిక్కబరిచేది అదే. డిటర్జెంటు అణువులు నీళ్ళలో చిన్న చిన్న గుంపులు కడతాయి. ఉప్పు పడగానే ఆ గుంపులు పొడుగ్గా సాగి, ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ద్రవం తేనెలా అవుతుంది. ఇంకా చిక్కన కావాలని మరింత ఉప్పు వేస్తే? మళ్ళీ నీళ్ళలా పల్చబడుతుంది! ఆ తర్వాత దాన్ని వెనక్కి తేవడం కష్టం. బీటైన్‌లో ముందే కొంత ఉప్పుంటుంది కాబట్టి చిటికెడు చిటికెడుగా వేసి, ప్రతిసారీ కాసేపు ఆగి చూడండి.

ఇంతా చేసి, నురగ ఎక్కువగా వస్తే బాగా శుభ్రం చేస్తున్నట్టేనా? కాదు! నురగ కంటికి ఆనందం, అంతే. నూనె పెట్టుకున్న తలకి మొదటిసారి రుద్దినప్పుడు నురగ సరిగా రాదు. షాంపూ పనిచెయ్యక కాదు, జిడ్డు నురగని చంపేస్తుంది కాబట్టి. రెండోసారి రుద్దితే గుప్పున వస్తుంది. అందుకని ఇంకా ఇంకా డిటర్జెంటు పొయ్యకండి.

అసలు విలన్ ఎవరు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "మా షాంపూలో కెమికల్స్ ఏవీ లేవు, ప్రిజర్వేటివ్ అస్సలు లేదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు మీకు తారసపడే ఉంటారు. ఆ మాట విని సంతోషించకండి. భయపడండి!

విలన్ నీళ్ళు. నీళ్ళున్న చోట బాక్టీరియా, బూజు పెరుగుతాయి. స్నానాల గదిలో వెచ్చగా ఉంటుంది, తడి చేతులు తగులుతుంటాయి, మూత తెరిచే ఉంటుంది. క్రిములకి ఇంతకన్నా అత్తారిల్లు ఏముంటుంది? వాటిలో సూడోమోనాస్ అనేదొకటుంది. నీళ్ళలో హాయిగా పెరుగుతుంది. గీత పడిన కంటిలోకి చేరిందంటే కంటి నల్లగుడ్డు మీద పుండు చేసి, చూపు తీసెయ్యగలదు. పాడైన మస్కారా వల్ల ఇలా జరిగిన కేసులు వైద్య గ్రంథాల్లోకి ఎక్కాయి. ఇంకో దారుణం ఏమిటంటే, క్రిములు పెరిగిన షాంపూ చాలాసార్లు చూడ్డానికి బాగానే ఉంటుంది. వాసన కూడా మారదు. పాలు విరిగినట్టు తెలియదు!

అందుకే ప్రిజర్వేటివ్ అన్నది సినిమాలో క్యారెక్టర్ ఆర్టిస్టు లాంటిది. దాని కోసం ఎవరూ టిక్కెట్టు కొనరు. అది లేకపోతే మాత్రం కథ నిలబడదు. దాని మోతాదు దానికే ఉంది. పైన చెప్పిన మిశ్రమం ఒక శాతం చాలు. మంచిదని రెండు వేస్తే చర్మం మండుతుంది. సోడియం బెంజోయేట్ వాడదలిస్తే, అది పుల్లని చోటే పనిచేస్తుంది. పిహెచ్ 5కి పైకి వెళ్తే దాని బలం పోతుంది. పిహెచ్ కాగితం లేకుండా కుదరదని ఇందుకే అన్నాను.

చాలామంది చేసే పొరపాటు మరొకటి. షాంపూలో పచ్చి కలబంద గుజ్జు, మందారాకు రసం, ఉసిరి రసం, కోడిగుడ్డు కలిపి సీసాలో పోస్తారు. ఇవన్నీ క్రిములకి విందు భోజనాలు! మీరు వేసిన ప్రిజర్వేటివ్ ఆ విందుని ఆపలేదు. మందారం కావాలంటే అప్పటికప్పుడు రుబ్బి తలకి పట్టించుకోండి, మిగిలింది పారబోయండి.

మన అమ్మమ్మలు చేసింది సరిగ్గా ఇదే కదా! కాయలు కొట్టి ఎండబెట్టి డబ్బాలో దాచేవారు. ఎండిన వాటిలో తడి ఉండదు కనుక చెడవు. తలంటు రోజు పొద్దున్నే రసం తీసి, ఆ పూటకే వాడేసి, మిగిలింది ఉంచేవారు కాదు. ప్రిజర్వేటివ్ లేని షాంపూ కావాలంటే నిక్కమైన దారి అదొక్కటే. ఆ రసాన్ని సీసాలో పోసి మూడు నెలలు అమ్ముతామంటేనే చిక్కంతా!

మొదటి మెట్టు ఇది ఎక్కండి

కొత్తగా నేర్చుకునేవాళ్ళు నీళ్ళు లేని వాటితో మొదలుపెడితే మేలు. సున్నిపిండి, సీకాయ పొడి, పెదవులకి రాసే బామ్. బామ్‌కి తేనెమైనం 25 గ్రాములు, కొబ్బరినూనె 50, కోకో బటర్ 25 తీసుకుని, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, చిన్న డబ్బాల్లో పోస్తే సరి. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది. తేనెమైనం కరగాలంటే 62 దాటాలి. మన రోహిణీ కార్తె ఎండలకి బామ్ జావైపోతే మైనం కాస్త పెంచండి. నీళ్ళు లేవు కాబట్టి ప్రిజర్వేటివ్ బెంగ లేదు. తడి వేలు మాత్రం పెట్టకండి.

మేకప్ తుడిచే కోల్డ్ క్రీమ్ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ నూనెతో పాటు నీళ్ళూ వస్తాయి. నీళ్ళొచ్చాయంటే విలనూ వచ్చినట్టే! అది రెండో మెట్టు.

ఏది చేసినా, ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా తగిలించి ఒక రోజంతా చూడండి. షాంపూ అయితే కొద్దిగా నీళ్ళు కలిపి రాసి, కాసేపాగి కడిగెయ్యండి. దురదా, ఎరుపూ కనిపిస్తే ఇంకెవరికీ ఇవ్వకండి. తేదీ, తూకాలు, పిహెచ్ ఒక నోటుబుక్కులో రాయండి. ఒక సీసా పక్కన దాచి మూడు నెలలు గమనించండి. రంగు మారినా, విడిపోయినా, పిహెచ్ జరిగినా ఆ లెక్క పనికిరాదు.

అమ్మాలనుకుంటే...

సొంతానికి చేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క సీసా అమ్మాలన్నా కథ వేరు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి. లేబులు మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఏమేం కలిపారో ఉండాలి. సొంత ఫ్యాక్టరీ పెట్టే స్తోమత లేకపోతే, లైసెన్సున్న ఫ్యాక్టరీలో మీ సరుకు చేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి కూడా ఉంది.

ఇదంతా చూసి జంకకండి! తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన ద్రవ పదార్థాల్ని చిన్న పాకెట్లలో పెట్టి అమ్మొచ్చని కలలు కన్నారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. మల్లె, గులాబి వాసనల పాకెట్లు వచ్చాయి. ప్రకటనల్లో మన అమల కనిపించింది. సీసా కొనలేని పల్లెటూరి ఆడపడుచు చేతికి షాంపూ అలా అందింది.

పెట్టుబడి చిన్నదైతే ఫరవాలేదు. ప్రకటనలో తార లేకపోయినా ఫరవాలేదు. కానీ మీ సీసా కొన్న తల్లి దాంతో తన పసిబిడ్డకి తల రుద్దుతుంది. ఆ నురగ బిడ్డ కంట్లోకి జారుతుంది. ఆ ఒక్క క్షణాన్ని తలుచుకుని త్రాసు ముందు కూర్చోండి. గ్రాములు తప్పవు!