బాలింతలకు నడుము నొప్పి: ఇంట్లో చేయదగిన వ్యాయామాలు



"ఆపరేషన్‌కు నడుములో మత్తు సూది ఇచ్చారు, అందుకే ఈ నొప్పి" అని చాలామంది తల్లులు మాతో అంటుంటారు. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. నెలల తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదు. మామూలు కాన్పు అయిన వారికీ ఈ నొప్పి వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు తుంటి కీళ్ల పట్టు సడలుతుంది, పొట్ట కండరాలు సాగుతాయి. అవి తిరిగి బిగియడానికి కొన్ని నెలలు పడుతుంది.

నులక మంచం మీద కాక నేలపై చాప వేసుకొని, వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడవండి.

1. పొట్ట బిగించి నడుమును చాపకు ఆనించండి. 5 లెక్కపెట్టి వదలండి.
2. మూత్రం ఆపుకున్నట్లు లోపలి కండరాలను బిగించి, 5 లెక్కపెట్టి వదలండి. మూత్రానికి వెళ్లినప్పుడు ఇలా చేయకూడదు.
3. పిరుదులను కొద్దిగా పైకి లేపి మెల్లగా దించండి. ఆపరేషన్ అయినవారు దీనిని 6 వారాల తర్వాత, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

ఒక్కొక్కటి 10 సార్లు, రోజుకు 3 పూటలు చేయండి. ఊపిరి బిగబట్టవద్దు. నొప్పి పెరిగితే ఆపండి.

మన పినపాక వైపు పచ్చి బాలింతలు కూడా మిరప కోతకు, తునికాకుకు వెళ్తుంటారు. భర్తలారా, అత్తమ్మలారా, కనీసం 6 వారాలు నీళ్ల బిందె, కట్టెల మోపు మీరు మోయండి.

కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.