పేరు దొరకలేదంటే కానుక ఇవ్వనట్టేనా?

పాతపట్నం ప్రాంతంలోని ఒక సంఘములో జరిగిన సంగతి ఈ మధ్య మా దృష్టికి వచ్చింది. నెల నెలా తప్పకుండా కవరులో కానుక వేసే ఒక పెద్దమ్మ ఉన్నారు. సంవత్సరాంతపు లెక్కలు మొదటిసారి కంప్యూటరులో తీసి గోడకు అంటిస్తే ఆమె పేరు ఎదుట సున్నా కనబడింది. చదువురాని ఆమెకు మనవరాలు చదివి చెప్పింది. "నానివ్వనేదేటి బాబూ?" అని ఆమె కోశాధికారిని అడిగారట. మరుసటి రెండు ఆదివారములు ఆమె ఆరాధనకు రాలేదు.

డబ్బు ఎక్కడికీ పోలేదు. లెక్కలు తీసిన యువకుడు ఎక్సెల్‌లో వీలుకప్ అనే సూత్రము వాడాడు. దాని పని మన రిజిస్టరులో వేలు పెట్టి వెతకడం లాంటిదే. మనము నాలుగు సంగతులు చెప్పాలి: ఎవరిని వెతకాలి, ఏ పట్టికలో వెతకాలి, దొరికాక ఎన్నో గడిలోని వివరము తేవాలి, పేరు అచ్చంగా కలవాలా లేక దగ్గరగా ఉంటే చాలా. వెతికే పేరు ఆ పట్టికలో ఎడమవైపు మొదటి వరుసలోనే ఉండాలి. పేరు దొరకకపోతే ఎన్.ఏ. అనే గుర్తు వస్తుంది. అది చూడడానికి బాగుండదని ఆ యువకుడు ఇఫ్‌ఎర్రర్ అనే మరో సూత్రము తగిలించి, దొరకనిచోట సున్నా వేయమన్నాడు. తప్పు అక్కడ జరిగింది. ‘నాకు దొరకలేదు’ అనే మాట ‘ఈమె ఇవ్వలేదు’గా మారిపోయింది.

ఎందుకు దొరకలేదంటే, సభ్యుల జాబితాలో శారమ్మ, కానుకల పుస్తకములో సారమ్మ. మనకు ఒకే మనిషి, యంత్రానికి ఇద్దరు.

ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయము చదివినవారికి ఇది కొత్త కాదు. చెరనుండి తిరిగివచ్చిన సమాజము 42,360 మంది అని అక్కడ లెక్క ఉంది. వారిలో కొన్ని యాజక కుటుంబాలు వంశావళి పుస్తకములో తమ పేర్లు వెతికారు, కనబడలేదు, యాజకత్వమునుండి వేరుచేయబడ్డారు. అందులో ఒక కుటుంబము సంగతి గమనించండి: వారి పూర్వికుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెలలో ఒకతెను వివాహము చేసుకొని, మామగారింటి పేరుతో పిలువబడ్డాడు. పేరు మారడమే వారి చిక్కుకు కారణమని వాక్యము తేల్చి చెప్పదు గాని, ఆ వివరము అక్కడ ఊరకే వ్రాయబడలేదని మా అభిప్రాయము. అధికారి కూడా వారి సంగతి అంతటితో ముగించలేదు. ఊరీము తుమ్మీము గల యాజకుడు వచ్చేవరకు నిర్ణయము ఆపి ఉంచాడు.

మన ప్రాంతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మహేంద్రతనయకు అటువైపు పర్లాకిమిడి. 1936లో అది ఒడిశాలో చేరినా ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. ఇక్కడి ఆడపిల్ల అక్కడికి కోడలై వెళితే ఇంటిపేరు మారుతుంది, ఒడియా కాగితాలలో పేరు పలుకుబడే మారుతుంది. పైగా ఒకే సంఘములో నలుగురు మరియమ్మలుంటారు. వీలుకప్ మొదట కనబడిన మరియమ్మ దగ్గరే ఆగిపోతుంది, మిగిలిన ముగ్గురిని చూడనే చూడదు.

కంటికి కనబడని తేడాలు కూడా ఉన్నాయి. పేరు చివర ఒక ఖాళీ పడితే చాలు, కలవదు. దానికి ట్రిమ్ అనే సూత్రము మందు. మన కరపత్రాలు చాలా కాలము అను ఫాంట్లలో టైపు చేయించాము. తెరమీద తెలుగే కనిపించినా లోపల ఉన్నది వేరే అక్షరాలు. ఫోనులో టైపు చేసిన యూనికోడ్ పేరుతో అది ఎన్నటికీ కలవదు.

అన్నిటికంటే ప్రమాదము ఆ నాలుగవ సంగతి. దానిని చెప్పకుండా వదిలేస్తే వీలుకప్ ‘దగ్గరగా ఉంటే చాలు’ అనే అనుకుంటుంది. జాబితా వరుసక్రమములో లేకపోతే ఏ గుర్తూ చూపకుండా ఒకరి కానుక మరొకరి పేరున వేయగలదు. సండే స్కూలు తరగతులకైతే ఆ పద్ధతి చక్కగా పనికివస్తుంది: 4, 7, 10 ఏళ్లకు తరగతులు వ్రాసి ఉంచితే 8 ఏళ్ల బిడ్డను 7 దగ్గర మొదలయ్యే తరగతిలో చేరుస్తుంది. మనుషుల పేర్లకు మాత్రము అచ్చంగా కలవాలనే చెప్పాలి, అనగా చివర ఫాల్స్ అని వ్రాయాలి. 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్ తనంతట తానే అచ్చంగా వెతుకుతుంది, ఎడమవైపు నియమమూ లేదు. పాత ఎక్సెల్‌లో అది ఉండదు.

మా సలహా ఒక్కటే. ప్రతి సభ్యునికి ఒక నంబరు ఇవ్వండి, అదే కానుక కవరుమీద కూడా ఉండనివ్వండి, పేరుతో కాక నంబరుతో వెతకండి. దొరకనిచోట సున్నా కాక ‘పుస్తకము చూడాలి’ అని వచ్చేలా వ్రాయండి. పాత రిజిస్టర్లు కంప్యూటరులోకి ఎక్కాయని అటకమీద పడేయకండి. ఎవరెంత ఇచ్చారో గోడకు అంటించడం అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. మాకైతే ఇష్టము లేదు.

ఆ సంఘములో దొరకని పేర్లన్నీ ఇప్పుడు వేరే కాగితంమీద తీశారు. కోశాధికారి, ఆ యువకుడు కలిసి పాత కానుకల పుస్తకము చేతపట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మొదట వెళ్ళింది ఆ పెద్దమ్మ ఇంటికే.