వ్యోమయాత్ర వాయిదా ఎందుకు పడుతుంది?

సూళ్లూరుపేట: శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం వాయిదా పడిందంటే, చూడాలని దూరం నుంచి వచ్చిన సందర్శకులు ఉసూరుమంటూ వెనుదిరగడం పరిపాటి. ఉపగ్రహాల సంగతే ఇలా ఉంటే, మనుషులను మోసుకెళ్లే ప్రయోగానికి అడ్డు చెప్పే కారణాలు మరిన్ని. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరే ముందు నెల రోజులు నిరీక్షించవలసి వచ్చింది. గగన్‌యాన్ పేరిట శ్రీహరికోట నుంచే వ్యోమగాములను పంపేందుకు ఇస్రో సన్నద్ధమవుతున్నందున, ఆ నిరీక్షణకు దారితీసిన పరిణామాలు తెలుసుకోదగినవి.

యాక్సియం-4గా పిలిచిన ఆ యాత్రకు అమెరికాకు చెందిన పెగ్గీ విట్సన్ సారథ్యం వహించగా, శుక్లా పైలట్‌గా వ్యవహరించారు. పోలండ్, హంగరీ దేశాల నుంచి ఒక్కొక్కరు ఉన్నారు. నలుగురూ మే 25నే క్వారంటైన్‌లోకి వెళ్లారు. తొలుత మే 29 అనుకున్న ముహూర్తం జూన్ 8కి, తరువాత 10, 11, 19, 22 తేదీలకు మారుతూ వచ్చి, చివరకు జూన్ 25న ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రం నుంచి ఫాల్కన్-9 రాకెట్ నింగికెగిరింది.

గాలి, ఇంధనం

జూన్ 10న అడ్డుపడింది గాలి. ప్రయోగ వేదిక వద్ద ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. మార్గమధ్యంలో ప్రమాదం తలెత్తితే వ్యోమనౌక రాకెట్ నుంచి విడివడి సముద్రంలో దిగవలసి ఉంటుంది. కాబట్టి రాకెట్ సాగే దారి పొడవునా గాలులు, అలలు అదుపులో ఉండాలి.

మరుసటి అడ్డంకి రాకెట్‌లోనే బయటపడింది. ప్రయోగ వేదికపై ఏడు సెకన్ల పాటు ఇంజిన్లను మండించి పరీక్షించినప్పుడు ద్రవ ఆక్సిజన్ కారుతున్నట్లు గుర్తించారు. సున్నాకు దిగువన 183 డిగ్రీల వద్ద గానీ ద్రవరూపంలో నిలవని ఆక్సిజన్, ఇంధనాన్ని మండించే ప్రాణవాయువు. అది కారవలసిన చోట కాక మరోచోట కారితే అగ్నిప్రమాదానికి ఆహ్వానమే. లోపాన్ని సరిదిద్ది, మళ్లీ పరీక్షించిన తరువాతే ప్రయోగానికి అనుమతించాలని నిర్ణయించినట్లు ఇస్రో ప్రకటించింది.

కేంద్రంలోనే లీకు

రాకెట్ సిద్ధమైనా, చేరవలసిన ఇల్లు సిద్ధంగా లేకపోతే ప్రయాణం సాగదు. అంతరిక్ష కేంద్రంలోని రష్యా భాగమైన జ్వెజ్దాకు, సరుకు నౌకలు అతుక్కునే ద్వారానికి నడుమ ఒక ఇరుకైన గది ఉంది. దాని గోడల్లోని సన్నని పగుళ్ల గుండా అప్పటికి కొన్నేళ్లుగా గాలి బయటకు పోతూ వచ్చింది. 2025 జూన్‌లో మరమ్మతు అనంతరం ఆ గదిలో పీడనం స్థిరపడింది. సంతోషించవలసిన విషయమే అయినా నిపుణులు సంతోషించలేదు. పగుళ్లు మూసుకుపోయినా పీడనం నిలకడగా ఉంటుంది. గది తలుపు బిగింపు సడలి, కేంద్రంలోని గాలే లోపలికి చేరుతున్నా పీడనం నిలకడగానే కనిపిస్తుంది. కన్నం పడిన కుండలో నీటిమట్టం తగ్గలేదంటే కన్నం పూడిందా, పైనుంచి ఎవరైనా పోస్తున్నారా అన్న సందేహం వంటిదే ఇది. ఆ సంగతి తేలేందుకు అమెరికా, రష్యా సంస్థలకు గడువు కావలసి వచ్చింది. అప్పటికే లోపల ఏడుగురు ఉన్నారు. మరో నలుగురిని పంపడం తొందరపడి తీసుకోదగిన నిర్ణయం కాదు.

ముహూర్తం నిమిషాల్లోనే

వాయిదా పడితే మరో గంట ఆగి ప్రయోగించవచ్చు కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తుంది. దాని కక్ష్యాతలం కిందికి ప్రయోగ వేదిక వచ్చిన క్షణానే రాకెట్ బయలుదేరాలి. ఆ క్షణం రోజుకు 20 నిమిషాలకు పైగా వెనక్కు జరుగుతూ పోతుంది. జూన్ 11న భారత కాలమానం ప్రకారం సాయంత్రం 5.30కు అనుకున్న ప్రయోగం, 25న మధ్యాహ్నం 12.01 గంటలకే జరిగింది. సుమారు 28 గంటల తరువాత నౌక కేంద్రాన్ని చేరింది. 1984లో రాకేశ్ శర్మ తరువాత కక్ష్యలోకి వెళ్లిన రెండో భారతీయుడు శుక్లా జులై 15న క్షేమంగా తిరిగివచ్చారు.

ఆగకపోతే ఏమవుతుందో 1986 జనవరి 28న ప్రపంచం చూసింది. చలికి రబ్బరు వలయాలు పట్టు కోల్పోవచ్చని ఇంజినీర్లు హెచ్చరించినా అమెరికా ఛాలెంజర్ నౌకను ప్రయోగించింది. 73 సెకన్లలో ఏడుగురు అసువులు బాశారు.

శ్రీహరికోటలోనూ అదే పాఠం

గగన్‌యాన్ వ్యోమగాముల రక్షణ వ్యవస్థను పరీక్షించేందుకు 2023 అక్టోబరు 21న ఇస్రో చిన్న రాకెట్‌ను సిద్ధం చేసింది. వాతావరణం వల్ల కాస్త ఆలస్యమైన కౌంట్‌డౌన్, చివరి ఐదు సెకన్ల వద్ద ఆగిపోయింది. తేడాను పసిగట్టి ఆపింది మనిషి కాదు, కంప్యూటరే. లోపాన్ని గుర్తించి, సరిచేసి, ఉదయం 10 గంటలకు ప్రయోగించగా వ్యోమగాముల గది పారాచూట్ల సాయంతో బంగాళాఖాతంలో సురక్షితంగా దిగింది. 2025 ఆగస్టులో హెలికాప్టర్ నుంచి అటువంటి నమూనాను జారవిడిచి పారాచూట్లను మరోమారు పరీక్షించారు. మనుషులు ఎక్కేలోపు మానవరహిత ప్రయోగాలు ఇక్కడి నుంచే జరగవలసి ఉంది. వాటిలోనూ తేదీలు మారే అవకాశం లేకపోలేదు.