పోషకాహార భద్రత – శాశ్వత వ్యవసాయం: మలావీ, జహీరాబాద్ అనుభవాల వెలుగులో హైదరాబాదు పాతబస్తీ

వ్యాససంగ్రహం

ఆకలి తీరడం, పోషణ అందడం ఒకటి కావు. కడుపునిండా తిన్నా, ఒకే ధాన్యం మీద ఆధారపడే కుటుంబాలు పోషకలోపానికి గురవుతాయి. పర్మాకల్చర్ అనే శాశ్వత వ్యవసాయ పద్ధతిని సాధారణంగా నేల, నీటి సంరక్షణ కోణంలోనే చర్చిస్తారు. దాని పోషకాహార ప్రయోజనం ‘మేలైన’ ధాన్యం ఎంపికలో కాక, పళ్లెంలోకి చేరే పదార్థాల వైవిధ్యంలో ఉందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు ఆఫ్రికాలోని మలావీ, తెలంగాణలోని జహీరాబాద్ అనుభవాలను పరిశీలించి, వాటి నుంచి హైదరాబాదు పాతబస్తీ గ్రహించదగిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: శాశ్వత వ్యవసాయం, పోషకాహారం, పెల్లాగ్రా, మిశ్రమ పంటలు, పెరటి తోట, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం

మూసీకి దక్షిణాన విస్తరించిన పాతబస్తీలో మీర్ ఆలం మండీ కూరగాయల బజారు ప్రసిద్ధం. తెలుగువారు పుంటికూర అనేదాన్ని అక్కడ దక్కనీ ఉర్దూలో అంబాడా అంటారు. పేరు ఏదైనా ఆ కట్ట నగరం బయటి పొలాల నుంచి రావలసిందే. ఇరుకు గల్లీలలో అద్దె గదుల్లో నివసించే కుటుంబానికి సొంత నేల ఉండదు. రేషన్ బియ్యం ఇంటికి చేరుతుంది. ఆకుకూర, పప్పు, పండు మాత్రం ఆనాటి కూలి మీద ఆధారపడి ఉంటాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది, 6–59 నెలల పిల్లలలో 70 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అయిదేళ్లలోపు పిల్లలలో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రారంభమైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం నుంచి నేటి వరకు ధాన్యం పంపిణీకి ప్రభుత్వాలు ప్రాధాన్యమిస్తూనే ఉన్నాయి. అయినా ఈ అంకెలు ఇలా ఉండడానికి కారణం ధాన్యం కొరత మాత్రమే కాదని స్పష్టమవుతుంది.

2. శాశ్వత వ్యవసాయం – భావన, ఆగమనం

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్‌లు 1970వ దశకంలో పర్మాకల్చర్ భావనను రూపొందించారు. 1978లో ‘పర్మాకల్చర్ వన్’ గ్రంథాన్ని వెలువరించారు. అడవి తనను తాను పోషించుకున్నట్లు, మనిషి నివాసమూ సాగూ ఒకదాన్నొకటి పోషించుకునేలా రూపకల్పన చేయడం దీని సారం. భూమిని కాపాడడం, మనుషులను కాపాడడం, మిగులును పంచుకోవడం దీనికి మూడు నైతిక సూత్రాలు.

ఈ పద్ధతిలో ‘మండలాల’ విభజన ముఖ్యమైనది. ఇల్లు సున్నా మండలం. రోజూ చూసుకోవలసిన ఆకుకూరలు, మందు మొక్కలు ఇంటిని ఆనుకొని ఉండే ఒకటో మండలంలో ఉంటాయి. పండ్ల చెట్లు, కోళ్లు రెండో మండలంలోనూ, ప్రధాన పంట మూడో మండలంలోనూ ఉంటాయి. వంటచెరకు, మేత నాలుగో మండలం. మనిషి జోక్యం లేని అడవి అయిదో మండలం. తిండిగింజ మూడో మండలం నుంచి వస్తే, ఆ గింజను పోషణగా మార్చే ఆకు, కాయ, పండు మొదటి రెండు మండలాల నుంచి వస్తాయి. పోషకాహార చర్చలో ఈ విభజన ప్రాధాన్యం ఇదే.

1987లో మాలిసన్ భారతదేశానికి వచ్చి శిక్షణ ఇచ్చారు. ఆ ప్రభావంతో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్‌లో ప్రదర్శన క్షేత్రాన్ని నెలకొల్పింది. అక్కడ పనిచేసిన కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు తరువాత ‘అరణ్య’ సంస్థను స్థాపించారు. 2009లో మలావీలో తొమ్మిదవ అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనం జరిగింది. 2017 నవంబరులో పదమూడవ సమ్మేళనానికి హైదరాబాదు వేదికైంది. దాని సదస్సు పాతబస్తీకి కొద్ది కిలోమీటర్ల దూరంలోని రాజేంద్రనగర్‌లో, ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జరిగింది. అనంతర సమావేశాలు జహీరాబాద్ ప్రాంతంలోని బిడకన్నెలో జరిగాయి. మలావీ, తెలంగాణలను కలిపేది ఈ సమ్మేళనాలు మాత్రమే కాదు. ఒక వ్యాధి చరిత్ర కూడా ఈ రెండు ప్రాంతాలను కలుపుతుంది.

3. ఒకే ధాన్యం – పెల్లాగ్రా పాఠం

నయాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వచ్చే వ్యాధి పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పడతాయి, ముదిరితే మతి చలిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదలలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు, అది అంటువ్యాధి కాదని, ఆహార లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1910వ దశకంలో నిరూపించారు. మొక్కజొన్నలోని నయాసిన్ చాలావరకు శరీరానికి అందని రూపంలో ఉంటుంది. మెక్సికో ప్రాంత ప్రజలు గింజను సున్నపు నీటిలో ఉడికించి వాడడం వల్ల ఆ విటమిన్ విడుదలవుతుంది. పంట ఖండాలు దాటింది కాని, ఆ వంట పద్ధతి దానితోపాటు ప్రయాణించలేదు.

తెలంగాణ పీఠభూమిలో ఈ వ్యాధి మొక్కజొన్న వల్ల కాక, జొన్న ప్రధానాహారమైన వారిలో కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థ (నేటి జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం నయాసిన్ వినియోగానికి అడ్డుపడుతుందన్నది దాని సారాంశం. ఈ సిద్ధాంతంపై తరువాత పరిశోధకులలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. అయితే జొన్నరొట్టె తప్ప మరొకటి దొరకని పేదలకు ఈ వ్యాధి సోకిందన్న పరిశీలన మాత్రం నిలిచింది.

చిరుధాన్యాలకు విశేష ప్రచారం లభిస్తున్న నేటి సందర్భంలో ఈ చరిత్ర గుర్తుంచుకోదగినది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్నలో బియ్యం కంటే పీచు, ఇనుము ఎక్కువన్నది నిజమే. కాని బియ్యం స్థానంలో జొన్నను పెట్టినంత మాత్రాన పోషణ లభించదు. లోపం గింజలో కంటే, గింజ పక్కన ఏమీ లేకపోవడంలో ఉంది.

4. మలావీ అనుభవం

మలావీ ప్రజల ప్రధానాహారం న్సిమా. ఇది మొక్కజొన్న పిండితో చేసే గట్టి సంకటి. 1990లో మొజాంబిక్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చి మలావీ శిబిరాలలో ఉన్న శరణార్థులలో సుమారు 18 వేల మందికి పెల్లాగ్రా సోకింది. సహాయ రేషన్‌లో మొక్కజొన్న అందుతూనే ఉంది. వేరుశనగ సరఫరా మాత్రం కొన్ని నెలలపాటు ఆగిపోయింది. వారి ఆహారంలో నయాసిన్‌కు ముఖ్య ఆధారం ఆ వేరుశనగే.

ఆ సందర్భంలో జరిగిన సాంక్రమిక పరిశోధన మూడు రక్షక అంశాలను గుర్తించింది. రోజూ వేరుశనగ తిన్నవారిలో, సొంత తోట ఉన్నవారిలో, మొక్కజొన్నను ఇంటివద్దే పిండి చేసుకున్నవారిలో వ్యాధి తక్కువగా కనిపించింది. తోట ఉండడం, వ్యాధి తగ్గడం మధ్య కనిపించినది అనుబంధమే. తోటే ఏకైక కారణమని దాని ఆధారంగా చెప్పలేము. అయినా బయటి సరఫరా ఆగిన నెలల్లో ఇంటి పక్క మడి ఎంత విలువైనదో ఈ సంఘటన తెలియజేస్తుంది. శాశ్వత వ్యవసాయ పరిభాషలో దీనిని ఒకటో మండలం అందించిన రక్షణగా చెప్పవచ్చు.

తరువాతి కాలంలో మలావీలో పర్మాకల్చర్ ప్రచారం పోషకాహార విద్యతో కలిసి సాగింది. అక్కడి ప్రభుత్వం బోధించే ఆరు ఆహార వర్గాలు ప్రధానాహారాలు, పప్పు–గింజలు, కూరగాయలు, పండ్లు, జంతు ఆహారాలు, కొవ్వులు. ఈ ఆరూ ఇంటి చుట్టూ ఏడాది పొడవునా దొరికేలా మొక్కలను ఎంచుకోవడం ఈ ప్రచారంలోని ప్రధానాంశం. కోతకు ముందు, ధాన్యం నిండుకునే వానాకాలపు నెలల్లో ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది.

5. జహీరాబాద్ అనుభవం

హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నేటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ ఉంది. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇక్కడి గ్రామాలలో ఎక్కువగా దళిత స్త్రీలతో సంఘాలను ఏర్పరచింది. సంస్థ నిర్మాతలలో పి.వి. సతీష్ ముఖ్యులు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఈ స్త్రీల చెలకలలో జొన్న ఒంటరిగా కనిపించదు. దాని సాళ్ల మధ్య కంది, పెసర, మినుము, బొబ్బర, అనుము, కొర్ర, నువ్వు, పుంటికూర కలిసి పెరుగుతాయి. ఈ కలయిక మూడు విధాల పనిచేస్తుంది.

మొదటిది నేలకు సంబంధించినది. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. రెండవది కాలానికి సంబంధించినది. పుంటికూర కొద్ది వారాలలోనే కోతకు వస్తుంది. తరువాత పెసర, ఆపైన జొన్న, చివరగా కంది ఇల్లు చేరుతాయి. అంటే ఒకే చెలక నెలల తరబడి వంటింటికి సరుకు పంపుతుంది. మూడవది శరీరానికి సంబంధించినది. ధాన్యాలలో లైసిన్, పప్పులలో మిథియోనిన్ తక్కువ. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. గోపాలన్ పరిశీలించిన జొన్న, సంఘం స్త్రీలు తినే జొన్న ఒకే గింజ. మారినది దాని పక్కన చేరిన పప్పు, ఆకు.

విత్తకుండానే చేలలో మొలిచే తుమ్మికూర, పొన్నగంటికూర, దొగ్గలికూర వంటివి ఇక్కడి పేదల ఆహారంలో భాగం. కలుపుమందు చల్లితే నశించేది ఈ కూరలే. దిగుబడి లెక్కలలో ఇవి ఎక్కడా నమోదు కావు కనుక, వాటి నష్టం కూడా నమోదు కాదు. సాగులోని విత్తనాలను స్త్రీలు బూడిద, వేపాకు కలిపి, మట్టి పూసిన గుమ్ములలో భద్రపరచి ఒకరికొకరు బదులిచ్చుకుంటారు. సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద ఊరూరా సాగే ‘పాత పంటల జాతర’ ఈ విత్తన వైవిధ్యానికి పండుగ రూపం.

6. పాతబస్తీకి అన్వయం

నేలే లేని పాతబస్తీకి ఈ గ్రామీణ అనుభవాలు ఎలా వర్తిస్తాయన్నది సహజమైన ప్రశ్న. పాతబస్తీకి తోటల చరిత్ర లేకపోలేదు. లోపలి ఆవరణ చుట్టూ గదులు కట్టిన దేవిడీలలో చెట్లకు చోటుండేది. బార్కస్ జామపండ్లకు నేటికీ పేరుంది. ఇళ్లు ముక్కలై, ఆవరణలు గదులుగా మారడంతో ఒకటో మండలం చాలా ఇళ్లలో అదృశ్యమైంది.

జామ ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. మొక్కల నుంచి లభించే ఇనుము శరీరానికి సులభంగా అందదు. విటమిన్ సి తోడైతే శోషణ పెరుగుతుంది. అన్నం ప్రధానమైన భోజనంతోపాటు జామపండు తీసుకున్న కౌమార వయస్కులలో ఇనుము శోషణ పెరిగినట్లు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో తెలియజేశారు. దీనికి విరుద్ధంగా టీలోని టానిన్లు ఇనుము శోషణను తగ్గిస్తాయి. భోజనం ముగిసిన వెంటనే చాయ్ తాగే అలవాటున్న నగరంలో ఈ విషయం గమనించదగినది. రేషన్ బియ్యం మారకపోయినా, దాని పక్కన చేరిన పండు ఆ భోజనం విలువను మార్చగలదు.

ఈ దృష్టితో చూస్తే పాతబస్తీలో సాధ్యమయ్యే పనులు కొన్ని ఉన్నాయి. మునగ, కరివేపాకు, నిమ్మ, జామ వంటివి బడి, అంగన్‌వాడీ కేంద్రం, మదరసా ఆవరణలలో పెంచదగినవి. పోషణ్ అభియాన్‌లో భాగమైన పోషణ వాటికలు ఇందుకు అనుకూలిస్తాయి. మసీదులలో వుజూకు వాడిన నీటిలో సాధారణంగా సబ్బు కలవదు; దానిని చెట్లకు మళ్లించవచ్చు. ఇంటి మేడ మీద మెంతి, పాలకూర, పుంటికూర వంటివి కుండీలలో పెరుగుతాయి.

7. పరిమితులు

కుండీలలోని ఆకుకూర కుటుంబానికి కావలసిన శక్తిని గాని, మాంసకృత్తులను గాని ఇవ్వలేదు. అది రేషన్‌కు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. అద్దె ఇంట్లో చెట్టు నాటే హక్కు ఉండదు. పాత కప్పులు మట్టి బరువును మోయలేకపోవచ్చు. నగరం దిగువన మూసీ మురుగునీటితో పండే ఆకుకూరలు చూపుతున్నట్లు, పచ్చగా ఉన్నదంతా సురక్షితం కాదు. నీటి నాణ్యతను పరీక్షించకుండా సాగును ప్రోత్సహించరాదు. అన్నిటికంటే ముఖ్యమైనది శ్రమ. తోట పని స్త్రీల ఇంటిపనికి అదనపు భారంగా మారితే, ఎవరి రక్తహీనతను తగ్గించాలనుకున్నామో వారినే అది అలసటకు గురిచేస్తుంది. జహీరాబాద్‌లో పని నిలబడడానికి కారణం స్త్రీలు సంఘంగా ఏర్పడి, నేల, విత్తనం, నిర్ణయం తమ చేతిలో ఉంచుకోవడమే.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• పోషకలోపానికి మూలం ధాన్యం కొరత కంటే వైవిధ్యం కొరత. మలావీలో మొక్కజొన్న, తెలంగాణలో జొన్న ఒంటరిగా మిగిలినప్పుడు ఒకే వ్యాధికి దారితీశాయి.

• శాశ్వత వ్యవసాయం పోషణకు చేసే మేలు ఇంటిని ఆనుకొని ఉండే మండలంలోనూ, పొలంలోని పంటల కలయికలోనూ ఉంది. ఎకరా దిగుబడితో మాత్రమే కొలిస్తే ఈ మేలు కనిపించదు.

• నేల లేని పాతబస్తీలో ఒకటో మండలాన్ని ఉమ్మడి ఆవరణలలో పునర్నిర్మించవలసి ఉంటుంది. పప్పు, చిరుధాన్యాల కోసం జహీరాబాద్ వంటి ప్రాంతాల మిశ్రమ పంటల రైతులతో నేరుగా సంబంధం అవసరం.

• రేషన్ దుకాణంలో బియ్యం పక్కన పప్పు చేరడం, అంగన్‌వాడీ ఆవరణలో జామచెట్టు నిలవడం వేర్వేరు శాఖల పనులుగా కనిపించినా, పోషకాహార దృష్టిలో రెండూ ఒకే పని.